మూడు రాత్రుల ఓడలో భోజనం ఎక్కడ?

ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావరల్ నుంచి శుక్రవారం సాయంత్రం బయల్దేరి, బహామాస్‌లో నసావు, కోకోకే చూపించి, సోమవారం తెల్లవారేసరికి తిరిగి తీసుకొచ్చే ఓడ ‘యుటోపియా ఆఫ్ ద సీస్’. రాయల్ కరీబియన్ సంస్థ 2024 జులై నుంచి దీన్ని నడుపుతోంది. గదికి ఇద్దరు చొప్పున లెక్కేసినా 5,600 మందికి పైగా పడతారు. ఇంత పెద్ద తరగతి ఓడను మొదటి ప్రయాణం నుంచే మూడు, నాలుగు రాత్రుల యాత్రలకు కేటాయించడం ఆ సంస్థలో ఇదే మొదలు. అమెరికాలోని తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఎక్కువగా ఎక్కేది ఇలాంటి చిన్న యాత్రలే. పెద్దగా సెలవు పెట్టక్కర్లేదు, పెద్దవాళ్ళకు అలసటా తక్కువ.

గదులు తీసుకున్నాక మొదలవుతుంది అసలు చర్చ. ఓడలో టికెట్టు డబ్బులోనే కలిసిన భోజనం ఉంది. విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్లూ ఉన్నాయి. ఉన్నవేమో మూడే రాత్రి భోజనాలు. టాంపాలో ఉండే ఇందిర, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే ఆమె తమ్ముడు మురళి ఈ విషయంలో గట్టిగానే వాదించుకున్నారు. ప్రయాణంలో ఆరుగురు పెద్దలు, ముగ్గురు పిల్లలు. వాళ్ళ నాన్నగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, షుగరు ఉంది. అమ్మగారు శాకాహారి. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే కాబట్టి మధ్యలో నా మాటా కలిపాను.

మురళి: అక్కా, రెండో రాత్రికి చాప్స్ గ్రిల్, మూడో రాత్రికి రాయల్ రైల్వే బుక్ చేసేస్తాను. మొదటి రాత్రి ఎలాగూ సామాన్లు సర్దుకోవడంతో సరిపోతుంది, ఆ పూటకు మామూలు డైనింగ్ రూమ్ చాలు. ముందే బుక్ చేస్తే ఓడెక్కాక అడిగే రేటు కన్నా సాధారణంగా తక్కువ పడుతుంది. తర్వాత రేటు ఇంకా తగ్గితే రద్దు చేసుకుని మళ్ళీ తీసుకోవచ్చు.

ఇందిర: ఆగు ఆగు. ఉన్నవి మూడు పూటలైతే రెండు పూటలు డబ్బు పోసి తినే చోటికి రాసిచ్చేశావు. డైనింగ్ రూమ్ భోజనానికి మనం టికెట్టులో కట్టేశాం కదా? కట్టినదాన్ని వదులుకుని, దాని మీద మళ్ళీ కడతామా?

మురళి: వదులుకోవడం ఏముంది? ఏడు రాత్రుల యాత్రయితే నువ్వన్నది నిజం, నాలుగు రాత్రులు డైనింగ్ రూమ్‌లో తిని మిగతావి బయట చూసుకోవచ్చు. ఇక్కడ ఉన్నవే మూడు. ఒక్కోటీ గుర్తుండిపోయేలా ఉండాలి. మళ్ళీ నాన్నని ఎప్పుడు తీసుకొస్తామో తెలియదు.

ఇందిర: నేనూ నాన్న గురించే అంటున్నాను. ముందు డబ్బు లెక్క చూడు. మనిషికి 65 డాలర్లు అనుకుందాం. ఆరుగురికి 390. దాని మీద 18 శాతం టిప్పు వాళ్ళే కలుపుతారు, అది 70. ఒక్క పూటకు 460 డాలర్లు, పిల్లల ఖర్చు కాకుండా. రెండు పూటలకు 900 దాటుతుంది. పైగా మనిషికి రోజుకు 18 డాలర్ల పైచిలుకు మామూలు టిప్పు ఎలాగూ కడుతున్నాం. అందులో డైనింగ్ రూమ్‌లో వడ్డించేవాళ్ళ వాటా కూడా ఉంది. వాళ్ళ దగ్గర కూర్చోకపోయినా ఆ డబ్బు తగ్గదు.

మురళి: డబ్బు సంగతి నేను చూసుకుంటానన్నాను కదా.

ఇందిర: డబ్బు నీదా నాదా అన్నది కాదు. ఆ డబ్బుకు అమ్మ ఏం తింటుంది చెప్పు. చాప్స్ గ్రిల్ అంటే స్టేక్ హౌస్. గొడ్డుమాంసం, పెద్ద పెద్ద ముక్కలు, దానికి పేరు. అమ్మకు అక్కడ దొరికేది ఏదో పుట్టగొడుగుల వంటకం, ఉడకబెట్టిన ఆస్పరాగస్, బంగాళాదుంప. చుట్టూ అందరి పళ్ళేల్లోనూ అదే మాంసం. ఆవిడ ఏమీ అనదు, మంచినీళ్ళు తాగి లేస్తుంది. మన అమ్మ సంగతి నీకు తెలియదా?

ఇక్కడ మురళి కాసేపు మాట్లాడలేదు. ఇందిర అన్నది ఏ ఓడకైనా వర్తించే మాట. డబ్బు కట్టే రెస్టారెంటు ఒక్క రకం వంటకు పెట్టింది. స్టేక్, సుషీ, ఇటాలియన్, ఏదైనా సరే. ఆ ఒక్క రకం ఇష్టమైనవాళ్ళకు అది డైనింగ్ రూమ్ కన్నా బాగుంటుందనడంలో సందేహం లేదు. నలుగురికి నాలుగు రకాలు కావలసిన కుటుంబానికి మాత్రం అది ఇరుకు.

మురళి: సరే, చాప్స్ వదిలెయ్. కానీ డైనింగ్ రూమ్ గురించి నువ్వు మరీ గొప్పగా చెబుతున్నావు. మూడు అంతస్తుల హాలు, ఒక్కో విడతకు వెయ్యిమందికి పైగా కూర్చుంటారు. అంతమందికి ఒకేసారి వడ్డించాలంటే ఏ పళ్ళేనికాపళ్ళెం పొయ్యి మీంచి దించి పెట్టడం కుదురుతుందా? ముందే వండి, వేడి తగ్గకుండా ఉంచి, వరసలో సర్దుతారు. చేప కొంచెం ఎక్కువ ఉడుకుతుంది, పాస్తా మెత్తబడుతుంది. చిన్న రెస్టారెంట్లో నువ్వు చెప్పాకే పెనం మీద వేస్తారు. ఆ తేడా నోటికి తెలుస్తుంది. పైగా పెద్ద యాత్రల్లో ఒక రాత్రి డైనింగ్ రూమ్‌లో లాబ్‌స్టర్ పెడతారే, అది ఇలాంటి మూడు రాత్రుల యాత్రల్లో సాధారణంగా ఉండదు. కావాలంటే దానికీ విడిగా కట్టాలి.

ఇందిర: తేడా ఉందని ఒప్పుకుంటాను. అంత మందికి వండే చోట పెనం మీది రుచి రాదు. కానీ ఆ పెద్ద వంటింట్లో మనకు పనికొచ్చేది ఇంకొకటుంది. ఈ ఓడల్లో వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు చాలామంది భారతదేశం నుంచీ, ఫిలిప్పీన్స్ నుంచీ, ఇండోనేషియా నుంచీ వచ్చినవాళ్ళు. మొదటి రాత్రి కూర్చోగానే హెడ్ వెయిటర్‌ని పిలిచి, ‘మా అమ్మ శాకాహారి, రేపటికి పప్పు, కూర, అన్నం చేయించగలరా’ అని అడిగితే ఒక రోజు వ్యవధిలో ఏర్పాటు చేస్తారు. మెనూలో లేనిది మన కోసం వండించుకునే వీలు అక్కడే ఉంది. డబ్బు కట్టే చోట మెనూ దాటి అడగడం కష్టం.

మురళి: అంటే రెండో రాత్రి నుంచి పప్పన్నం. బహామాస్ దాకా వెళ్ళి పప్పన్నమా?

ఇందిర: అమ్మకు. నీకు కాదు. నువ్వు బాతు మాంసం తెప్పించుకో, మీ ఆవిడ చేప తెప్పించుకుంటుంది, పిల్లలు పాస్తా తింటారు, నాన్న కోడి ముక్కా కూరగాయలూ తింటారు. అందరం ఒకే బల్ల దగ్గర, పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు, ఎవరికి కావలసింది వాళ్ళం తింటాం. ఒకటి బాగోకపోతే ఇంకొకటి తెమ్మంటే అదనంగా ఒక్క సెంటు అడగరు. మొదటి ఐటమ్ రెండు రకాలు తెప్పించుకున్నా అంతే. పిల్లలకు ఇంతకన్నా మంచి చోటు ఏది? తెలియనిది రుచి చూడటానికి భయం లేదు, నచ్చకపోతే పక్కన పెట్టొచ్చు.

మురళి: మరి టైము? ఐదున్నర ప్రాంతంలో ఒక విడత, ఎనిమిది ప్రాంతంలో ఇంకో విడత. సెలవుకు వచ్చి కూడా గంట కొట్టగానే తినాలా? అందుకే చాలామంది ఎప్పుడైనా వెళ్ళి కూర్చునే పద్ధతి తీసుకుంటారు, ‘మై టైమ్’ అని.

ఇందిర: చిన్న ప్రయాణంలో నేను వద్దనేది సరిగ్గా దాన్నే. ఎప్పుడైనా వెళ్ళొచ్చు కానీ ఎక్కడ కూర్చోబెడతారో, ఎవరు వడ్డిస్తారో రాత్రి రాత్రికీ మారవచ్చు. కావాలంటే అదే వెయిటర్‌ని అడగొచ్చు, దొరికితే సరి. నిర్ణీత సమయం తీసుకుంటే మూడు రాత్రులూ అదే బల్ల, అదే మనిషి. మొదటి రాత్రి నాన్నకు షుగరని చెబితే రెండో రాత్రికి చెప్పక్కర్లేదు. ఏడు రాత్రుల యాత్రలో వెయిటర్లు మారినా మళ్ళీ మళ్ళీ చెప్పుకునే తీరిక ఉంటుంది. ఇక్కడ మూడు పూటల్లో రెండు పూటలు కొత్తవాళ్ళకు మొదటి నుంచి చెప్పుకోవడంతోనే అయిపోతాయి. నాన్న ఏడింటికల్లా తినెయ్యాలి. మాత్ర వేసుకున్నాక అరగంటకు మించి ఆగకూడదన్నారు డాక్టరుగారు. ఐదున్నరకు కూర్చుంటే ఏడున్నరకు షోకి వెళ్ళొచ్చు. చిన్న యాత్రలో షోలు కూడా మూడు రాత్రుల్లోకే కుదించి పెడతారు. నువ్వు ఎనిమిదింటికి స్టేక్ హౌస్‌లో కూర్చుంటే నీటి షోనో, మంచు మీది స్కేటింగో ఏదో ఒకటి పోతుంది.

భోజనం ఎక్కడ అని అడిగేవాళ్ళు రుచి, ధర రెండే చూస్తారు. మూడు రాత్రుల ఓడలో మూడోది ఉంది, సాయంత్రం గంటలు. డబ్బు కట్టే రెస్టారెంట్లో భోజనం వరసగా, నింపాదిగా వడ్డిస్తారు, రెండు గంటలు పట్టడం మామూలే. ఏడు రాత్రుల్లో ఆ రెండు గంటలు తెలియవు. మూడు రాత్రుల్లో తెలుస్తాయి. అందరూ కట్టే 460 డాలర్ల కన్నా నాకు ఇదే ఎక్కువ ఖర్చుగా కనిపించింది.

మురళి: నువ్వు చెప్పేది వింటే ఆ రెస్టారెంట్లన్నీ డబ్బు గుంజడానికి కొత్తగా పుట్టినవి అనిపిస్తుంది. కాదక్కా. 1905లోనే జర్మనీ ఓడ ‘అమెరికా’లో రిట్జ్ కార్ల్‌టన్ పేరుతో విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్ ఉండేది. టైటానిక్‌లోనూ ఉంది. మొదటి తరగతి వాళ్ళకు టికెట్టులో కలిసిన పెద్ద డైనింగ్ సెలూన్ ఉన్నా, పై అంతస్తులో లుయీజీ గాట్టి అనే ఆయన నడిపిన రెస్టారెంటుకు డబ్బు కట్టి మరీ వెళ్ళేవాళ్ళు. ఒకే హాలు, ఒకే గంట, ఒకే మెనూ మనుషులకు చాలదని వందేళ్ళ కిందటే తేలిపోయింది. 2000లో నార్వేజియన్ అనే ఓడల సంస్థ వాళ్ళు నిర్ణీత సమయాలు తీసేసి ఎక్కడైనా ఎప్పుడైనా తినమన్నాక మిగతా సంస్థలు చాలావరకు ఆ దారికే వచ్చాయి.

ఇందిర: ఆ ఓడలు ఎన్ని రోజులు వెళ్ళేవి? అట్లాంటిక్ దాటడానికి దాదాపు వారం. వారం పాటు ఒకే హాల్లో ఒకే మనుషుల మధ్య తింటే ఎవరికైనా విసుగే. మూడు రాత్రులకు విసుగెక్కడిది? నువ్వు టైటానిక్ చెప్పావు కాబట్టి నేనొకటి చెబుతాను. మూడు, నాలుగు రాత్రుల యాత్రల కోసమే ప్రత్యేకంగా కట్టిన ఓడ ఒకటుంది, నార్డిక్ ఎంప్రెస్. 1990లో ఇదే రాయల్ కరీబియన్ వాళ్ళు మయామీ నుంచి బహామాస్‌కు నడిపారు. అందరినీ సముద్రం కనిపించే ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టి వడ్డించేవాళ్ళు. ఆ ఓడే ఇప్పుడు కార్డీలియా సంస్థ నడిపే ‘ఎంప్రెస్’. 2022 జూన్‌లో మన విశాఖపట్నం వచ్చింది.

మురళి: విశాఖ వచ్చింది అదేనా! పేపర్లో ఫొటోలు చూశాను.

ఇందిర: అదే. ఇంకోటి చూడు. డిస్నీ వాళ్ళ ‘విష్’ ఓడ కూడా పోర్ట్ కెనావరల్ నుంచి మూడు, నాలుగు రాత్రులు వెళ్తుంది. వాళ్ళు ఈ తలనొప్పే లేకుండా చేశారు. టికెట్టులో కలిసినవే మూడు రెస్టారెంట్లు, రాత్రికొకటి. నువ్వు హాలు మారితే నీ వెయిటరూ నీతో వస్తాడు. కొత్త చోటూ ఉంది, తెలిసిన మనిషీ ఉన్నాడు. అక్కడ డబ్బు కట్టి పాలో స్టేక్ హౌస్‌కు వెళితే ఆ మూడింట్లో ఒకటి పోయినట్టే. పిల్లల్ని రానివ్వరు కూడా, అది పెద్దవాళ్ళకే.

మురళి: నువ్వు నా రాయల్ రైల్వే మాట ఎత్తడం లేదు. నేను దాన్ని స్టేక్ కోసం అడగలేదు. రైలు పెట్టె లాగా కట్టారు. కిటికీల స్థానంలో తెరలు, తింటుంటే బయట ఊళ్ళూ కొండలూ కదిలిపోతుంటాయి. నాన్న ముప్పై ఏళ్ళు బ్రేక్ వ్యాన్‌లో కూర్చుని డబ్బాలో అన్నం తిన్నారు, ఎప్పుడూ ఒంటరిగానే. ఒక్కసారి రైలు పెట్టెలో ఆయన కూర్చుంటే, ఎదురుగా మేం కూర్చుని, ఎవరో వడ్డిస్తుంటే తినాలని నాకు ఉంది. దానికి 65 కాదు, 100 అయినా ఇస్తాను.

ఇందిర ఈ మాటకు వెంటనే బదులివ్వలేదు. నాకూ మురళి చెప్పింది న్యాయమే అనిపించింది. వాదన అంతా తిండి గురించే సాగింది కానీ అతను మొదటి నుంచీ అడుగుతున్నది ఇది.

ఇందిర: ఇది ముందే చెప్పొచ్చుగా. అయితే తొమ్మిది మందిమీ ఎందుకు? నువ్వూ నాన్నా వెళ్ళండి. త్వరగా మొదలయ్యే విడత తీసుకో, రాత్రి పొద్దుపోయాక వద్దు. షుగరని బుక్ చేసేటప్పుడే చెప్పు, వాళ్ళ మెనూ వరస ముందే ఖాయమై ఉంటుంది, తీపి బదులు ఏం ఇస్తారో అడుగు. మేమంతా అమ్మతో డైనింగ్ రూమ్‌లో ఉంటాం. కుటుంబం అంతా ప్రతి పూటా ఒకే చోట తినాలన్న నియమం ఏదీ లేదు.

మురళి: అమ్మ రానంటే?

ఇందిర: అమ్మను అడుగు. నువ్వు ఇంతవరకూ అడగలేదు, నేనూ అడగలేదు.

మురళి: సరే. పగటి భోజనాల సంగతేమిటి? ఎక్కిన రోజు మధ్యాహ్నం విండ్‌జామర్ బఫేకే వెళ్దామా?

ఇందిర: ఆ రోజు మధ్యాహ్నం అందరూ అక్కడికే వెళ్తారు. గదులు ఇంకా ఇవ్వరు, చేతి సంచులతో వేలమంది అదే హాల్లో తిరుగుతుంటారు. అమ్మానాన్నల్ని అందులోకి తీసుకెళ్ళొద్దు. మధ్య అంతస్తులో చెట్లుండే సెంట్రల్ పార్క్ దగ్గర పార్క్ కెఫే ఉంది, సలాడ్లు, శాండ్‌విచ్‌లు. పైన ఎల్ లోకో ఫ్రెష్‌లో బీన్స్, అన్నం, టాకోలు, అమ్మకు మాంసం లేకుండా కట్టించుకోవచ్చు. సొరెంటోస్‌లో పిజ్జా. ఇవన్నీ టికెట్టులో కలిసినవే, బుక్ చేయక్కర్లేదు. బఫే సంగతి రెండో రోజు పొద్దున చూద్దాం. పప్పో, కూరో, అన్నమో ఒక మూల తరచూ ఉంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు అందరం సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సీసాలో జెల్ రాసుకుంటే సరిపోదు, ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు అది అంతగా పనిచేయదు.

మురళి: అమ్మ పులిహోర చేసి తెస్తానంటోంది. గోంగూర పచ్చడి కూడా.

ఇందిర: వద్దని చెప్పు, బాధపడకుండా చెప్పు. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు. కంపెనీలో సీలు వేసిన పొట్లాలు, తెరవనివి, తేవచ్చు. బిస్కెట్లు, కారప్పూస లాంటివి. రైస్ కుక్కరు, కెటిల్ అసలే పెట్టుకోవద్దు. వేడయ్యే సామాను ఏదైనా నిప్పు భయంతో గేటు దగ్గరే తీసేసుకుంటారు.

మురళి: నసావులో మాత్రం నేను ఓడలో తినను. అరవాక్ కే దగ్గర ఫిష్ ఫ్రై అని వరసగా రంగురంగుల గుడిసెలుంటాయి. కాంక్ అనే శంఖం మాంసం, పచ్చిదే సన్నగా తరిగి, నిమ్మరసం, ఉల్లి, మిరప వేసి కలుపుతారు. దాన్నే పిండిలో ముంచి వేయించి కూడా ఇస్తారు. ఓడలో ఎంత కట్టినా అది దొరకదు. ఆ డబ్బు ఆ ఊరివాళ్ళ చేతికి వెళ్తుంది.

ఇందిర: ఇది మాత్రం నీతో నూటికి నూరు పాళ్ళూ ఏకీభవిస్తాను. ఓడలో చాప్స్ కన్నా అక్కడి మధ్యాహ్న భోజనమే గుర్తుంటుంది. అమ్మకు అక్కడి కందుల అన్నం అడుగుదామంటే అందులో ఒక్కోసారి పంది మాంసం వేస్తారు, ముందే కనుక్కోవాలి. లేకపోతే ఆవిడ ఓడలో తిని దిగుతుంది. కోకోకేలో ఆ ఇబ్బంది లేదు. అది సంస్థ తన ప్రయాణికుల కోసమే నడిపే ద్వీపం. చిల్ గ్రిల్, స్నాక్ షాక్ లాంటివి టికెట్టులో కలిసినవే. అక్కడ మళ్ళీ డబ్బు కట్టే చోట్లు ఉన్నాయి, ఈతకు వెళ్ళిన రోజు వాటి అవసరం రాదు.

చివరకు ఇలా తేల్చుకున్నారు. మూడు రాత్రులకూ డైనింగ్ రూమ్‌లో మొదటి విడత. రెండో రాత్రి మురళి, నాన్నగారు రాయల్ రైల్వేకు. నసావులో మధ్యాహ్నం ఊళ్ళో. చాప్స్ గ్రిల్ ఆలోచన రద్దు.

అమ్మగారిని అడిగారు. ఆవిడ తనకు రైలు వద్దంది, పిల్లలతో ఉంటానంది.

నా అభిప్రాయం ఇందిర వైపే ఉంది. వారం రోజుల ఓడలో రెండు పూటలు బయట తినండి, తప్పులేదు. మూడు రాత్రుల ఓడలో, ముఖ్యంగా ముసలివాళ్ళు, పిల్లలు వెంట ఉంటే, అందరికీ కలిపి ఒక్క రాత్రి కూడా డబ్బు కట్టే చోటికి రాసివ్వక్కర్లేదు. ఎవరికైనా బలమైన కోరిక ఉంటే ఆ ఒక్కరిని, తోడుకొకరిని పంపండి. మీ ఇంట్లో శాకాహారులుంటే మాత్రం ఒక పని వాయిదా వేయకండి. ఎక్కిన రోజే, మొదటి రాత్రి భోజనానికి కూర్చోగానే, హెడ్ వెయిటర్‌ని పిలిచి ఏం కావాలో చెప్పండి. రెండో రాత్రి చెబితే మీకు మిగిలేది ఒక్క పూటే.